తడికకు అటూ ఇటూ

జూబా,
3 ఆగస్టు 2022

న్యాగాక్ అక్కకు,

నీళ్ళు మీ దిబ్బ అంచు దాటలేదనీ, తుపాకుల చప్పుడు ఈ మధ్య మీ వైపు వినబడలేదనీ తలుస్తూ నీ తమ్ముడు పువోక్ రాస్తున్నాను. క్లినిక్ పడవ వాళ్ళు ఉత్తరం చేరవేస్తామన్నారు. ఫోను టవరు కూలిపోయాక మనకు వాళ్ళే దిక్కు.

నాకు ఉద్యోగం దొరికింది. కుర్చీ, బల్ల, ఫ్యాను ఉన్న ఉద్యోగం. యుద్ధంలోనూ వరదలోనూ చితికిన ఊళ్ళకు ఇన్నాళ్ళూ అందిన సాయం, అంటే జొన్న మూటలు, టార్పాలిన్ పట్టాలు, చేపల వలలు, మందులు, ఎవరికి ఏ మేరకు ఉపయోగపడిందో చూసి చెప్పడం మా ఆఫీసు పని. ఇంగ్లీషులో ఉన్న ప్రశ్నలను మన నువేర్ భాషలోకి మార్చేది నేను. మేము ఏమీ ఇవ్వం, ఏమీ ఆపం. అడిగి రాసుకుంటాం, అంతే. కాబట్టి మా వాళ్ళు వచ్చినప్పుడు మూటల కోసం వాళ్ళ చుట్టూ మూగవద్దని అందరికీ చెప్పు.

పక్వెర్ దిబ్బకు వచ్చేది ఎవరో తెలుసా? గాట్‌లువాక్ కొడుకు దువోత్. మొన్న ఎండల్లో నీ కూతురు న్యాపాల్ పెళ్ళి సంగతి కదిపింది వాళ్ళే కదా. ఇక్కడ మా ఆఫీసులోనే పనిచేస్తున్నాడు. నెమ్మదస్తుడు. నేనే అతని పేరు చెప్పి మీ వైపు వేయించాను. ఎటూ పడవ వస్తోంది, నువ్వూ పిల్లవాణ్ణి చూసినట్టు ఉంటుంది. నేను అడిగినట్టే అనుకుని జవాబులు చెప్పు.

ఇక్కడ చేప అంటే ఎండిపోయి, ఉప్పు పట్టి, పాత చెప్పులా ఉంటుంది. నువ్వు పిడకల దాలి మీద కాల్చే జెల్ల గుర్తొస్తే నోరూరుతుంది. పాపకు పళ్ళు వస్తున్నాయి. ఏది దొరికితే అది కొరుకుతోంది, నన్ను కూడా.

మిగిలిన పశువులను తోలుకుని ఉత్తరంగా వెళ్ళిన బావ నుంచి కబురేమైనా ఉందా?

నీ చేతి చేప కోసం ఎదురుచూసే
పువోక్


పక్వెర్ దిబ్బ,
19 ఆగస్టు

తమ్ముడూ,

పట్నంలో ఫ్యాను కింద కూర్చుంటే మనిషికి బుద్ధి ఎగిరిపోతుందా? నీ ఉత్తరమూ ఆ అబ్బాయీ ఒకే పడవలో దిగారు. ఉత్తరం విప్పేలోపు మనిషి గట్టు మీద ఉన్నాడు.

ముందు చూసింది మా ఆయన మేనత్త న్యాలాదా. ఆవిడకు దగ్గరివి కనబడవు, దూరానివి బాగా కనబడతాయి. "ఆ ముక్కు గాట్‌లువాక్ ఇంటి ముక్కే. అల్లుడే! లోపలికి పదండే!" అని అరిచింది. ఈ దిబ్బ మీదున్న ఆడవాళ్ళందరూ న్యాపాల్‌కి పెద్దమ్మలో పిన్నమ్మలో అవుతారు. అంటే అందరూ అతనికి అత్తలే, కాబోయే అల్లుడి కంట పడకూడనివాళ్ళే. దొరికిన తడిక వెనక దొరికినట్టు దూరాం. పక్కింటి న్యాచువోల్ చంటిదాన్ని ఎత్తుకుని పరిగెత్తబోయి బురదలో కూలబడింది. న్యాపాల్ పడవ తీసుకుని రెల్లులోకి పోయింది.

పిల్లవాడు మర్యాదస్తుడు, ఆ మాట ఒప్పుకోవాలి. తడిక అవతల మా వైపు వీపు పెట్టి కూర్చున్నాడు. అతను నీళ్ళను అడిగాడు, నేను తడికకు చెప్పాను. అడిగింది ఏమిటో తెలుసా? "నిన్న మీ ఇంట్లో ఎన్నిసార్లు తిన్నారు?"

న్యాలాదా నన్ను గిల్లింది. "పిల్లనడగడానికి వచ్చి పొయ్యి సంగతి అడుగుతాడేమే! ఇదేం పరీక్ష?"

"మా ఇంట్లో పొయ్యి ఆరదు నాయనా," అన్నాను.

"ఎప్పుడైనా తినకుండా పడుకున్నారా?"

ఈసారి న్యాలాదాయే అందుకుంది. "మా కుక్కలే కడుపు నిండి పడుకోలేక ఆయాసపడుతుంటాయి." దిబ్బ మీద ఒక్క కుక్కయినా లేదు, నీకు తెలుసు.

"కలువ దుంపలు, కలువ గింజలు తినాల్సి వచ్చిందా?"

"పిల్లలు ఆడుకోవడానికి తెస్తుంటారు," అన్నాను. అప్పుడు నా వెనక పొయ్యి మీద ఉడుకుతున్నవి ఆ దుంపలే. వాసన అవతలికి పోకుండా కుండ మీద నా పైబట్ట కప్పి కూర్చున్నాను. ఒక అంచు కాలింది.

పోతూ పోతూ మిగతా తడికల దగ్గరా అడిగాడు. నేను ముందే సైగ చేశాను. అందరూ ఒకే మాట మీద నిలబడ్డారు. విత్తనానికి దాచిన జొన్నలు దంచి సంకటి చేసి అతని ముందు పెట్టించాను. ముట్టుకోలేదు. అత్తల దగ్గర తినకూడదని తెలిసిన పిల్లవాడే. అతను వెళ్ళాక పిల్లలు గిన్నె నాకేశారు.

ఇంటి పరువు నిలబెట్టాను. ఓలి పశువుల్లో మేనమామ వాటాగా వచ్చే ఆవు మీద నీ కన్ను ఉంటే, దానికి నాకు రుణపడి ఉండు. ఇంతకీ మళ్ళీ ఇలాంటి సంబంధం పనికి మనిషిని పంపేటప్పుడు ముందు కబురు పెట్టు.

విమానం మూటలు వేసే రోజు దగ్గర పడింది కదా, ఈ నెలేనా? న్యాచువోల్ పిల్లకు ఒళ్ళు సరిగా లేదు. మీ బావ నుంచి కబురు లేదు.

బట్ట కాల్చుకున్న
అక్క


జూబా,
24 ఆగస్టు

న్యాగాక్ అక్కకు,

నీ ఉత్తరం ఇంకా అందలేదు. ఆగలేక రాస్తున్నాను.

దువోత్ తెచ్చిన జవాబులు నిన్న మీటింగులో పెట్టారు. మా పెద్ద మేడం పక్వెర్ కాగితాలు పైకెత్తి చూపించి, "సాయం అంటే ఇలా చేరాలి," అంది. అందరిలోకీ మీ దిబ్బే మెరుగట. కలువ దుంప తిన్న ఇల్లు ఒక్కటీ లేదట. ఇది నిజమేనా అని ఎవరో సందేహపడ్డారు. నేను లేచి, "అది మా అక్క ఊరు. మా వాళ్ళు అబద్ధం ఆడరు," అన్నాను. చప్పట్లు కొట్టారు. ఇన్నాళ్ళుగా ఆ గదిలో నేను నోరు విప్పింది అదే మొదటిసారి.

కానీ ఒక మాట అడగాలి. మే నెలలో నువ్వు రాసిన ఉత్తరంలో పిల్లలు ఆకలికి నిద్రపోవడం లేదన్నావు. అది చదివి నా భార్య, పాప కోసం దాచిన పాలపొడి మూట కట్టి మీకు పంపింది. పొయ్యి ఆరని ఇంటికి అది ఎందుకు అక్కా? కావాలంటే కావాలని అడిగితే పంపకపోయేవాళ్ళమా? మన మధ్య ఇలాంటివి వద్దు. నా భార్య నాతో ఏమీ అనలేదు. అననందుకే బాధ.

ఈసారి మూటలు మీకంటే అధ్వాన్నంగా ఉన్న పడమటి ఊళ్ళకు తిప్పుతున్నారట. అక్కడ పోరు ఇంకా ఆగలేదు. మీరూ సంతోషించాల్సిన సంగతే.

నీ తమ్ముడు
పువోక్


పక్వెర్ దిబ్బ,
15 సెప్టెంబరు

పువోక్,

మూటలు పడే చోట తెల్లబట్టలు పరిచి పెట్టాం. విమానం వచ్చింది. పిల్లలు ఎగిరారు. అది మా మీదుగా పడమరకు పోయింది. తిరిగి వస్తుందేమోనని బట్టలు తీయకుండా కూర్చున్నాం. తిరిగి వచ్చేటప్పుడు ఖాళీగా, ఎత్తున పోయింది. నీ ఉత్తరం ఆ మరునాడు అందింది.

నేను చదివి వినిపించాను. దాచి ఏం చేయను? న్యాచువోల్ అంతా విని, "నీ అల్లుడొస్తే మేమంతా మా కుండలు బోర్లించుకున్నామన్నమాట," అంది.  నేను చేపకు పోయే పడవలో ఇప్పుడు నాకు చోటు ఉండటం లేదు.

మేము ఏమీ ఆపం అని రాసింది నువ్వు. అవి సంబంధం మాటలనుకుని చెప్పాను, విమానానికి చెప్పలేదు. అల్లుడు కాబోయేవాడు అత్త కడుపు సంగతి అడిగితే ఏం చెబుతారురా? నువ్వు ఈ పాకల మధ్య పుట్టినవాడివే కదా. ప్రశ్నలు మార్చేటప్పుడు నీకు తట్టలేదా?

పాలపొడి గురించి రాశావు. అది న్యాచువోల్ పిల్లకూ న్యాలాదాకూ పోశాను. నా నోట ఒక్క గుక్క పడలేదు. నీ భార్యకు ఈ మాట చెప్పు. లేకపోతే చెప్పకు, నీ ఇష్టం.

పిల్ల కాళ్ళు వాచాయి. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతోంది. మీ మేడంతో చెప్పు, పక్వెర్‌లో తిండి లేదని. దుంపలు కూడా దూరం పోతేనే దొరుకుతున్నాయని చెప్పు.

కానీ ఆ అబ్బాయి ఎదుట చెప్పకు. అతని దగ్గర కుండ కప్పి దాచిన అత్తగా నేను వాళ్ళింటి మాటల్లో మిగలకూడదు. రెండూ ఎలా కుదురుతాయో నాకు తెలియదు. చదువుకున్నవాడివి నువ్వే.

న్యాగాక్


జూబా,
28 సెప్టెంబరు

అక్కా,

నీ రెండు ఉత్తరాలూ ఒకే రోజు అందాయి. మొదటిది చదువుతూ నవ్వాను. రెండోది చదివాక, నవ్వినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. పాలపొడి మాట వెనక్కి తీసుకుంటున్నాను. నా భార్యకు నీ ఉత్తరం చదివి వినిపించాను. ఆమె పాపను ఎత్తుకుని బయటికి వెళ్ళిపోయింది.

ఎలా తట్టలేదని అడిగావు. కాగితం మీద ఆ ప్రశ్న చాలా మామూలుగా ఉంటుంది. నేను మాటలు సరిగా పడ్డాయా అని చూశాను. అడిగేది ఎవరు, చెప్పేది ఎవరు అని చూడలేదు.

మేడం దగ్గరకు వెళ్ళాను. పక్వెర్‌కు మళ్ళీ మనిషిని పంపాలన్నాను. ఎందుకని అడిగింది. "నీళ్ళు పెరిగి ఉంటాయి," అన్నాను. ఈసారి ఆడమనిషిని, వేరే వైపు నుంచి వచ్చిన పెద్దావిణ్ణి పంపితే బాగుంటుందని కూడా అన్నాను.

"దువోత్ పనిలో లోపం ఏమైనా ఉందా?" అంది.

అతను అదే బల్లకు అవతల కూర్చుని ఉన్నాడు. నా వైపు చూశాడు. ఒక్క మాట చెబితే అయిపోయేది. మా దగ్గర అత్త అల్లుడికి ఆకలి చెప్పదు అంటే ఆవిడకు అర్థమయ్యేది, తెలివైన మనిషి. కానీ అప్పుడు నేను చప్పట్లు కొట్టించుకున్న మాట ఏమవుతుంది? ఇలాంటిది తెలిసి కూడా అతన్ని అక్కడికి వేయించిన వాణ్ణి నేనే కదా.

"లోపం ఏమీ లేదు," అన్నాను.

అందువల్ల మళ్ళీ దువోత్‌నే పంపుతున్నారు. ఈ ఉత్తరం అతని చేతే పంపుతున్నాను. జిగురుతో అంటించాను, అతను విప్పే మనిషి కాడు. నేను చెప్పలేకపోయాను అక్కా. ఎలా చెప్పాలో నువ్వే చూడు.

పువోక్


పక్వెర్ దిబ్బ,
10 అక్టోబరు

పువోక్,

నీ ఉత్తరం తడిక వెనక కూర్చుని చదివాను. తెచ్చినతను అవతల కూర్చుని ఉన్నాడు. మధ్యలో ఒక గేదెపిల్లంత నీటిగుర్రం రెల్లులో కదిలింది, అతను అటే చూస్తున్నాడు. నువ్వు బల్ల ముందు చెప్పలేనిది నన్ను తడికకు చెప్పమన్నావన్నమాట.

అతను అడిగాడు. "అమ్మా, పోయినసారి చెప్పినట్టేనా? పొయ్యి రోజూ వెలుగుతోందా?"

చెబుదామనే నోరు తెరిచాను. "వెలుగుతోంది నాయనా," అని వచ్చింది. నాకు తెలియకుండా వచ్చింది.

పక్క తడిక వెనక నుంచి న్యాచువోల్ అంది, "అలాగే రాసుకో బాబూ. మా పిల్ల కాళ్ళు కూడా తిండి ఎక్కువై లావెక్కాయని రాసుకో."

 కలం కదిలే చప్పుడు రాలేదు.

అప్పుడు నేను కుండ తీసుకుని తడిక చుట్టూ తిరిగి అవతలికి వచ్చాను. ముసుగు తీసేసి అతని ఎదురుగా కూర్చున్నాను. "ఇటు చూడు నాయనా. మేము తినేది ఇది. నిన్నా ఇదే. నువ్వు పోయినసారి వచ్చినప్పుడూ ఇదే," అన్నాను. చేత్తో తీసి తిన్నాను. దుంపలు పీచు పట్టి ఉన్నాయి, నమలడానికి చాలాసేపు పట్టింది. అతను మెడ విరిగేటంతగా మొహం అటు తిప్పుకున్నాడు. అయినా తిన్నాను. మధ్యలో ఆపితే ఇక లేవలేనని తెలుసు.

న్యాలాదా తడుముకుంటూ వచ్చి నా పక్కన కూర్చుని నా కుండలోనే చెయ్యి పెట్టింది. "ఏ వైపు ఉన్నాడే?" అని అడిగి అటు తిరిగి తింది. న్యాచువోల్ ఏమీ తినలేదు. పిల్లను తెచ్చి అతని కాళ్ళ ముందు పడుకోబెట్టింది. మిగతావాళ్ళు కూడా ఒక్కొక్కరే వచ్చారు. అందరం అతని ముందు కూర్చుని తిన్నాం. ఎవరూ ఎవరి మొహమూ చూసుకోలేదు.

అతను లేచి పిల్లను దాటకుండా చుట్టూ తిరిగి, మోకాళ్ళ లోతు నీళ్ళలో దిగి పడవ ఎక్కాడు. ఏం రాసుకున్నాడో తెలియదు. కలం ఇక్కడే పడిపోయింది. పిల్లలు దానితో పొట్టల మీద గీతలు గీసుకుంటున్నారు.

రెల్లులో నుంచి న్యాపాల్ అంతా చూసింది. నేను పిలిస్తే పలకడం లేదు.

అమ్మ ఉంటే నన్ను ఏమనేదో నీకు తెలుసు. ఆమె నీకూ అమ్మే.

న్యాగాక్


జూబా,
2 నవంబరు

అక్కా,

నీ ఉత్తరం రాకముందే దువోత్ వచ్చాడు. మీటింగులో మేడం అతన్ని అడిగింది.

"ఏం చూశావు?"

"నేను ఏమీ చూడలేదు మేడం. పోయినసారి నేను సరిగా అడగలేదు. జవాబులు కొన్ని నేనే ఊహించి రాశాను. పక్వెర్‌లో తిండి లేదు. మూటలు పంపాలి."

ఈ పనిలో అంతకంటే పెద్ద తప్పు లేదు. అడగకుండా రాయడం అంటే దొంగతనం లెక్క. మేడం అతని కాగితాలు పక్కన పెట్టింది. తర్వాత నా వైపు తిరిగింది. "పువోక్, ఇతన్ని అక్కడికి పంపమన్నది నువ్వు. అది మీ అక్క ఊరు. ఇతను చెప్పేది కాక, నీకు తెలిసింది ఏమైనా ఉందా?"

నీ రెండు ఉత్తరాలు నా చొక్కా జేబులో ఉన్నాయి. నేను టీ కప్పు వైపు చూశాను. అందులో ఈగ పడి ఉంది. "నాకేమీ తెలియదు," అన్నాను.

ఆ సాయంత్రమే అతన్ని పనిలోంచి తీసేశారు. క్లినిక్ పడవ నర్సు కూడా పిల్లల కాళ్ళ వాపు గురించి రాసిందట, అందుకని మళ్ళీ ఎవరినీ పంపకుండానే మూటలు వేయమని రాశారు. ఈ ఉత్తరం కంటే ముందే అవి అందవచ్చు.

గేటు దాకా అతని వెంట వెళ్ళాను. ఏదో చెప్పబోయాను. అతను ఆపాడు. "మామా, అక్కడ ఎవరూ ఏమీ తినలేదు. నేను చూడలేదు. మీకు కూడా ఎవరూ ఏమీ రాయలేదు," అన్నాడు. నా బ్యాగు బరువుగా ఉందని గేటు దాకా అతనే మోశాడు. పెద్దవాణ్ణి కదా.

నేను ఇంకా ఆ కుర్చీలోనే ఉన్నాను. ఫ్యాను తిరుగుతోంది. కొత్త ప్రశ్నలు వచ్చాయి, మార్చాలి.

నీళ్ళు తగ్గాక ఒకసారి రావాలని ఉంది. రానా? రావద్దంటే రాను.

పువోక్


పక్వెర్ దిబ్బ,
20 నవంబరు

పువోక్,

మూటలు పడ్డాయి. రెండు నీళ్ళలో పడి పగిలాయి, పిల్లలు బురదలోంచి గింజలు ఏరారు. అందరం తిన్నాం. నేనూ తిన్నాను. న్యాపాల్ నా వైపు వీపు పెట్టి తింది, కానీ తింది.

న్యాచువోల్ పిల్ల మూటల దాకా ఆగలేదు. పూడ్చడానికి పొడి నేల దొరకక పడవలో పొద్దంతా తిరిగాం. పడవ తెడ్డు నాకే ఇచ్చింది న్యాచువోల్. వేయమంది, వేశాను.  ఇప్పుడు చేప పడవలో నాకు చోటు ఇస్తోంది.

గాట్‌లువాక్ అక్కగారు మొన్న వచ్చింది. వాళ్ళ దువోత్ పని వదిలేసి ఇంటికి వచ్చాడట. ఎందుకని అడిగితే పట్నం నీళ్ళు పడలేదన్నాడట. దిబ్బ గురించి ఒక్క మాట చెప్పలేదట. సంబంధం మాట మళ్ళీ కదిపింది. నీళ్ళు తగ్గాక అతను వస్తాడు. నేను ముసుగు వేసుకుని తడిక వెనక కూర్చుంటాను. అతను నీళ్ళ వైపు తిరిగి కూర్చుంటాడు. మా ఇద్దరికీ ఎలా కూర్చోవాలో తెలుసు. కాలిన బట్టకు అంచు కుట్టుకున్నాను.

రానా అని అడిగావు. రా. రావద్దని ఎలా అంటాను? ఒక్క గిన్నెలో తిని పెరిగాం, నీ ముందు నమలడానికి నేను ఏనాడూ సిగ్గుపడలేదు. చేప కాలుస్తాను.

కానీ నిన్ను తడికకు ఏ వైపు కూర్చోబెట్టాలో ఇంకా తేల్చుకోలేదు.

న్యాగాక్